ఫోన్ మాటలకు హెడ్‌సెట్ కొంటున్నారా? ముందు మైక్ చూడండి

వైర్‌లెస్ హెడ్‌సెట్ కొనేటప్పుడు చాలామంది ఒక పాట పెట్టి వింటారు. పాట బాగుంటే కొనేస్తారు. తీరా కాల్ చేశాక అవతలివాళ్లు "నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అంటారు. పాట బాగుండటం స్పీకర్ పని, మాట బాగుండటం మైక్ పని. పైగా మైక్ ఎలా ఉందో పెట్టుకున్నవాళ్ల చెవికి తెలిసే వీల్లేదు.

కాబట్టి మొదటి ప్రశ్న: మైక్ నోటికి ఎంత దూరంలో ఉంటుంది? దూరం రెట్టింపైన ప్రతిసారీ మైక్‌కి అందే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చుట్టూ ఉన్న రొద మాత్రం తగ్గదు. నోటి దాకా వచ్చే కాడకు మైక్ ఉంటే దూరం 3 సెంటీమీటర్లు అనుకోండి, చెవిలో పెట్టుకునే బడ్‌లో అయితే 12 సెంటీమీటర్లు. అంటే రెండు రెట్టింపులు, 12 డెసిబెల్స్ నష్టం. దాన్ని పూడ్చడానికి బడ్స్‌లో రెండు మూడు మైకులు పెట్టి, నోటి వైపు నుంచి వచ్చే ధ్వనిని ఉంచి మిగతాది కోసేస్తారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇది బాగానే పనిచేస్తుంది. గాలి వీస్తున్నా, పక్కన ఇంకొకరు మాట్లాడుతున్నా ఆ కోతలో మన మాటల చివర్లు కూడా తెగిపోతాయి. రోజూ గంటల తరబడి, అదీ బయటి నుంచి మాట్లాడేవాళ్లకు కాడ మైక్ ఉన్న హెడ్‌సెట్టే మేలని నా గట్టి అభిప్రాయం. చూడ్డానికి నాజూగ్గా ఉండకపోవచ్చు, కానీ అవతలివాళ్లు "ఏంటీ? మళ్లీ చెప్పండి" అనడం తగ్గిపోతుంది. మైక్‌ని నోటికి ఎదురుగా కాక పెదవి మూలకు పక్కగా ఉంచుకోండి. ఎదురుగా ఉంటే "ప", "భ" పలికినప్పుడల్లా ఊపిరి తగిలి బుస్సుమంటుంది. స్పాంజి తొడుగు ఇస్తే తీసి పడేయకండి.

నెక్‌బ్యాండ్‌లో మైక్ ఎక్కడుందో చూసి కొనాలి. మెడ దగ్గరి పట్టీలో ఉంటే కాలర్‌కి రాసుకుని గరగరమంటుంది.

డబ్బా మీద కనిపించే ఏఎన్‌సీ, ఈఎన్‌సీ రెండూ ఒకటే అనుకుంటారు. ఏఎన్‌సీ మన చెవిలోకి వచ్చే రొదను తగ్గిస్తుంది. ఈఎన్‌సీ మన మైక్ నుంచి అవతలికి వెళ్లే రొదను తగ్గిస్తుంది. కాల్స్ కోసం డబ్బు పెట్టేవాళ్లు అడగాల్సింది రెండోది.

అలాగే ఎల్‌డీఏసీ, ఆప్ట్‌ఎక్స్ హెచ్‌డీ లాంటి పేర్లు చూసి ఎక్కువ పెట్టకండి. అవి పాటను కుదించి పంపే పద్ధతుల పేర్లు, కాల్స్‌కి పనికిరావు. మామూలు బ్లూటూత్‌లో పాటకు ఒక ప్రొఫైల్ (అంటే ధ్వనిని పంపే ఏర్పాటు), కాల్‌కు వేరే ప్రొఫైల్. కాల్ రాగానే హెడ్‌సెట్ హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్‌లోకి మారిపోతుంది. అందులో గొంతును కుదించే పాత పద్ధతి సీవీఎస్‌డీ, ధ్వని నుంచి సెకనుకు 8,000 నమూనాలు మాత్రమే తీసుకుంటుంది. 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్న ధ్వని పోతుంది కాబట్టి "స"కీ "ఫ"కీ తేడా తెలియదు. 2011లో వచ్చిన హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్ 1.6 వెర్షన్‌తో ఎంఎస్‌బీసీ అనే పద్ధతి చేరింది, దానికి 16,000 నమూనాలు. డబ్బా మీద "వైడ్‌బ్యాండ్ స్పీచ్" అనో "హెచ్‌డీ వాయిస్" అనో ఉంటే సాధారణంగా ఇదే. తర్వాత వచ్చిన ఎల్‌సీ3 అనే పద్ధతి దీనికంటే మెరుగు, కానీ ఫోన్, హెడ్‌సెట్ రెండిట్లోనూ ఉంటేనే ఉపయోగం. బ్లూటూత్ 5.3 అని రాసి ఉన్నంత మాత్రాన గొంతు బాగుపడదు.

పాట చక్కగా వస్తూ కాల్ మాత్రం తెగిపోతోందంటే ఆశ్చర్యపోవద్దు. పాట కొంత ముందే నిల్వ అవుతుంది కాబట్టి పోయిన ముక్కను మళ్లీ తెప్పించుకునే వ్యవధి ఉంటుంది. మాటకు ఆ వ్యవధి చాలా తక్కువ. అదీగాక 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మన ఒళ్లు పీల్చుకుంటుంది. ఎడమ చెవికి హెడ్‌సెట్, కుడి వెనక జేబులో ఫోన్ ఉంటే మధ్యలో శరీరం మొత్తం అడ్డమే. ఆరుబయట ఇంకా ఎక్కువ తెగుతుంది, ఎందుకంటే తరంగాలు తగిలి తిరిగి రావడానికి గోడలుండవు. ఫోన్‌ని హెడ్‌సెట్ ఉన్న వైపు జేబులోకి మార్చి చూడండి.

బ్యాటరీ గంటల్లో "టాక్ టైమ్" అన్నదే లెక్క. మైక్, రొద తగ్గించే చిప్ కూడా పనిచేస్తుంటాయి కాబట్టి అది పాటల సమయం కంటే తరచుగా తక్కువే ఉంటుంది. బడ్స్ అయితే ఒక్కొక్కటి విడిగా పనిచేస్తాయో లేదో కనుక్కోండి. ఒకటి చెవిలో, ఒకటి కేస్‌లో పెట్టి మార్చుకుంటూ రోజంతా నెట్టుకురావచ్చు. రెండు ఫోన్లు వాడేవాళ్లకు మల్టీపాయింట్, అంటే ఒకేసారి రెండిటికీ కలిసి ఉండే సౌకర్యం, తప్పనిసరి.

వాపసు గడువు ఉండగానే ఇలా పరీక్షించండి. ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టి, దాని ఎదుట నిలబడి తెలిసినవాళ్లకు కాల్ చేయండి. 10 అంకెల సంఖ్య ఒకటి, "సీసా, శంఖం, ఫలం, పలక" లాంటి మాటలు నాలుగు చెప్పి, విన్నది రాయమనండి. అదే కాల్‌లో ఆడియోని ఫోన్‌కి మార్చి మళ్లీ చెప్పండి. తర్వాత నల్లా తిప్పి దాని పక్క నుంచి, ఆఖరున నడుస్తూ రోడ్డు మీద నుంచి. ఫోన్‌లోని రికార్డర్ యాప్‌తో సరిపెట్టుకోవద్దు, చాలాసార్లు అది హెడ్‌సెట్ మైక్‌ని కాక ఫోన్ మైక్‌నే వాడుతుంది.

కొన్నాళ్లకు అవతలివాళ్లకు గొంతు మందగించిందంటే ముందు మైక్ రంధ్రం చూడండి, చెమట, దుమ్ము చేరి పూడుకుపోయి ఉంటుంది. పొడిగా ఉన్న మెత్తటి బ్రష్‌తో, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని దులపండి. సూది గుచ్చితే లోపలి పొర చిరుగుతుంది. కాల్ ఆడియో అసలే హెడ్‌సెట్‌కి రాకపోతే ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆ హెడ్‌సెట్ పేరు పక్కనున్న గుర్తు నొక్కి, కాల్స్ అన్న స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉన్నా రాకపోతే జత తీసేసి మళ్లీ కలపండి.