మంచు లెక్కల పేజీ: మా ఇంట్లో ఒక చలికాలం

పొద్దున తవ్వి తెరిచిన దారి సాయంత్రానికి మళ్లీ మూసుకుపోతుంది. తుడిచిన కిటికీ అద్దం గంట గడవకముందే చెమరుస్తుంది. మంచు కురిసే చోట చలికాలపు ఇంటిపనికి అంతు ఉండదు, ఎంత చేసినా ఆనవాలు మిగలదు. అందుకే ఈసారి మొదటి మంచు పడకముందే ఇంటి కోసం ఒక చిన్న వెబ్ పేజీ తయారుచేయాలని నిశ్చయించుకున్నాను. కురిసిన మంచు, లోపలి ఉష్ణోగ్రత, బయటి ఉష్ణోగ్రత, గదిలోని గాలి తేమ రోజూ అందులో చేరాలి. సరదాగా మొదలైన పనే. చలికాలం సగానికి వచ్చేసరికి మాత్రం ఏ పని ఎప్పుడు చేయాలో ఆ పేజీని చూసే నిర్ణయించుకునేవాళ్లం.

కొలత సరిగా లేకపోతే పేజీ ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు. వాతావరణ పరిశీలకులు దీనికి వాడే పద్ధతి చాలా తేలికైనది. సుమారు 40 సెంటీమీటర్ల పక్కలున్న చదరపు ప్లైవుడ్ ముక్కకు తెల్ల రంగు వేసి, గోడకూ చెట్లకూ దూరంగా నేలమీద పెట్టాలి. ముదురు రంగు ఎండను పీల్చుకుని మంచును కరిగిస్తుంది, అందుకే తెలుపు. గోడ పక్కన గాలి మంచును పోగు చేస్తుంది, అందుకే దూరం. రోజూ ఒకే వేళకు స్కేలుతో లోతు కొలిచి, చెక్కను తుడిచి, మళ్లీ మంచు పైభాగానికి సమంగా అమర్చితే మర్నాటికి కొత్తగా పడినది ఎంతో విడిగా తెలుస్తుంది. చెక్క ఎక్కడుందో కనబడటానికి పక్కనే ఒక కర్ర పాతాను.

లోతు ఒక్కటే చాలదు. ఒకే లోతున్న రెండు రోజుల మంచు పారమీద ఒకే బరువు తూగదు. అందుకని నిటారు గోడలున్న డబ్బాను చెక్కమీది మంచులోకి దించి, దానిలో పట్టినంత లోపలికి తెచ్చి కరిగించి, నీటి ఎత్తు కొలవడం మొదలుపెట్టాం. 10 సెంటీమీటర్ల మంచుకు 1 సెంటీమీటరు నీరు అని స్థూలంగా చెబుతారు. పొడిమంచు అయితే అర సెంటీమీటరే రావచ్చు. సున్నా డిగ్రీల దగ్గర పడే తడిమంచు అయితే 2 సెంటీమీటర్లూ రావచ్చు. చదరపు మీటరు మేర 1 సెంటీమీటరు నీరంటే 10 కిలోలు. కాబట్టి 20 చదరపు మీటర్ల దారిని 10 సెంటీమీటర్ల మంచు కప్పితే, పొడిమంచు వంద కిలోలు, తడిమంచు నాలుగు వందల కిలోలు! ఈ తేడా కళ్లబడ్డాక పేజీలో ‘దారిమీద బరువు’ అనే గడి చేర్చాను. మొత్తం పేజీలో నాకు అన్నిటికంటే విలువైనది అదే. ఆ గడిలో అంకె పెద్దదిగా ఉన్న రోజున మంచు ఆగేదాకా వేచి ఉండం, కురుస్తుండగానే ఒక విడత తీసేస్తాం. ఎత్తి విసరడం మాని, పారతో పక్కకు నెడతాం.

చలికి రక్తనాళాలు కుంచించుకుని రక్తపోటు పెరుగుతుంది. దానికి మంచు ఎత్తే శ్రమ తోడైతే గుండెమీద భారం పడుతుందని, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలని వైద్యులు గట్టిగా చెబుతారు. మా నాన్నగారు పార ముట్టుకోకూడదని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆ మాట ఆయనకు కష్టం కలిగించింది. కొలతల బాధ్యత ఆయన చేతికి వచ్చాక ఆ బాధ తగ్గింది. రోజూ స్కేలూ డబ్బా పట్టుకుని బయలుదేరేది ఆయనే. కాగితంమీద ఆయన రాసి ఇచ్చినది సాయంత్రం నేను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను.

స్ఫటికాల గడి కూడా ఆయన అడిగితేనే చేర్చాను. బయట కాసేపు చల్లబరిచిన నల్లబట్టమీద మంచు రేకులను పట్టి భూతద్దంతో చూసేవారు. వాటికి ఆరు మూలలే ఎందుకుంటాయని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1611లోనే ఒక చిన్న పుస్తకం రాశాడు. జపాన్ శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా 1936లో ప్రయోగశాలలో మంచు స్ఫటికాన్ని పెంచి, గాలి ఉష్ణోగ్రత, తేమను బట్టి దాని ఆకారం మారుతుందని చూపించాడు. మేఘంలో -15 డిగ్రీల దగ్గర కొమ్మలు విచ్చుకున్న నక్షత్రాలు, -5 దగ్గర సూదులు ఏర్పడతాయి. నక్షత్రాలు పేరుకున్నప్పుడు వాటి మధ్య గాలి ఎక్కువగా నిలుస్తుంది, మంచు తేలిగ్గా ఉంటుంది. సూదులు దగ్గరగా సర్దుకుంటాయి. నాన్నగారు ‘నక్షత్రాలు’ అని రాసిన రోజుల్లో దారిమీద బరువు తక్కువగా ఉండటం పట్టికలో కనబడగానే మా ఇద్దరికీ ఎంత సంతోషమో!

ఇక పేజీ సంగతి. రెడీమేడ్ సేవలేవీ వాడకుండా ప్రతి వరుసా చేత్తో రాశాను, ఎందుకంటే ఏ గడి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియాలి. సమాచారమంతా ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, వరుసకు ఒక రోజు. తేదీని సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో రాస్తే ఫైలును అక్షరక్రమంలో పేర్చినా రోజులు వరుస తప్పవు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్ దాన్ని చదివి, బ్రౌజర్‌లో తెరుచుకునే హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీనీ, ఎస్‌వీజీ అనే గీతల బొమ్మల రూపంలో గ్రాఫులనూ తయారుచేస్తుంది. ఎస్‌వీజీలో నిలువు కొలత పైనుంచి కిందికి పెరుగుతుంది, మంచేమో కిందినుంచి పైకి. కాబట్టి ప్రతి విలువనూ గ్రాఫు ఎత్తులోంచి తీసివేసి గీయాలి. తెలుగు పేజీకి రెండు జాగ్రత్తలు ముఖ్యం. ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను కంప్యూటర్ అంకెలుగా దాచుకునే పద్ధతి, యూటీఎఫ్-8 అని మొదట్లోనే ప్రకటించాలి. వరుసల మధ్య ఎడం కాస్త ఎక్కువగా ఉంచాలి, లేకపోతే ‘ఉష్ణోగ్రత’, ‘స్ఫటికం’ వంటి మాటల్లో వత్తులు కింది వరుసకు తగులుతాయి.

గ్రాఫు పెరిగేకొద్దీ మా అమ్మాయి దాన్ని శ్రద్ధగా చూడసాగింది. “నాన్నా, వారమంతా సున్నా కిందే ఉంది కదా, కరగకుండా నేలమీది మంచు ఎలా తగ్గింది?” అని అడిగింది. మంచి ప్రశ్న. స్ఫటికాల సన్నని కొమ్మలు మెల్లగా అరిగి, రేణువులు గుండ్రబడి ఒకదానికొకటి దగ్గరవుతాయి. పైపొరల బరువు వాటిని ఇంకా నొక్కుతుంది. కొంత మంచు నీరు కాకుండానే ఆవిరై గాలిలో కలిసిపోతుంది. లోతు తగ్గినా డబ్బాలోని నీటి లెక్క పెద్దగా మారలేదని తనకు పట్టికలోనే చూపించాను.

ఇంటి లోపలి గ్రాఫు వేరే కథ. -10 డిగ్రీల గాలి లోపలికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే, బయట నిండుగా నూరు శాతం ఉన్న తేమే ఇక్కడ 12 శాతం దగ్గరికి పడిపోతుంది. గొంతు ఆరిపోవడం, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమనడం దీనివల్లే. తేమ బాగా తగ్గిన రోజున ఉతికిన బట్టలు గదిలోనే స్టాండుమీద ఆరేసేవాళ్లం. 40 శాతం దాటి అద్దాలు చెమరిస్తే ఆపేసి, కాసేపు కిటికీ తెరిచేవాళ్లం. బయట -7 కంటే దిగువకు వెళితే పేజీ పైభాగంలో ఎర్రని వరుస కనిపిస్తుంది: బయటి గోడను ఆనుకున్న సింకు కింద అల్మరా తలుపు తెరిచి ఉంచాలి, కొళాయిని సన్నగా వదలాలి. నీరు గడ్డకడితే 9 శాతం దాకా వ్యాకోచిస్తుంది. మంచుగడ్డకూ మూసిన కొళాయికీ మధ్య చిక్కిన నీటి ఒత్తిడే గొట్టాన్ని పగలగొడుతుంది. -9కి దిగువన మామూలు ఉప్పు మంచును సరిగా కరిగించలేదు కనుక అప్పుడు ‘ఇసుక చల్లాలి’ అని మరో వరుస వస్తుంది.

ఈ పేజీని ఇంటర్నెట్‌లో పెట్టమని స్నేహితులు అడిగారు. పెట్టలేదు. ఏ రోజున దారి తీయలేదో, ఇల్లు ఎప్పుడు చల్లగా ఉందో తెలిస్తే, మేం ఊళ్లో లేమని ఎవరైనా ఇట్టే పోల్చుకోగలరు. అది ఇంట్లోని పాత కంప్యూటర్‌మీద, ఇంటి వైఫైలోనే ఉంది. మా ఫోన్లలో తెరుచుకుంటుంది, అంతే చాలు.

చలి తగ్గే ముందు నేలమీది మంచు మొత్తం లోతుకు డబ్బా దించి నీరు కొలిచాం. 8 సెంటీమీటర్లొచ్చింది, అంటే చదరపు మీటరుకు 80 లీటర్లు. అదంతా కరిగి గోడ పక్కనే ఇంకితే నేలమాళిగలోకి చెమ్మ వస్తుంది. వెంటనే గోడల చుట్టూ ఉన్న మంచును దూరంగా నెట్టి, పైకప్పు నీళ్లు దిగే గొట్టాల మూతులు తెరిచి, నీరు పల్లానికి పోయేలా కాలువ తీశాం. కరిగినన్నాళ్లూ నేలమాళిగ పొడిగానే ఉంది. వచ్చే చలికాలం ఇంటి వెనక నీడలో రెండో చెక్క పెట్టి, ఎండ తగిలే చోటుతో పోల్చాలని నాన్నగారి ఆలోచన. దానికి కావలసిన గడిని ఫైల్లో చేర్చాను, ప్లైవుడ్ కోయడం మిగిలింది.