మెటల్ వాల్వు ఉన్నవాళ్లకి జ్వరం వస్తే ముందు బ్లడ్ కల్చర్

"వైరల్ ఫీవరేనమ్మా, ఐదు రోజులు ఈ మాత్రలు వేసుకో." నా గుండెలో మెటల్ వాల్వు ఉందని చెప్పాక కూడా డాక్టరుగారు అన్న మాట ఇది. ఆ కోపం నాకింకా తీరలేదు.

కృత్రిమ కవాటం (వాల్వు) ఉన్నవాళ్లకి కారణం తెలియని జ్వరం వస్తే, అది వాల్వుకి పట్టిన ఇన్ఫెక్షన్ కావచ్చు. అందుకే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో సీసాలో పెంచి చూసే పరీక్ష) పంపాలి. వేర్వేరు చోట్ల సూది గుచ్చి మూడు సెట్లు, సీసాకి 8–10 మి.లీ. చొప్పున. ముందే మందు పడితే సీసాలో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. వాల్వు మీద మాత్రం జిగురుపొర చాటున బతికే ఉంటుంది. అందుకే నాకు మాత్రలు వేసుకున్నన్నాళ్లూ తగ్గిన జ్వరం, ఆపగానే వణుకుతో తిరగబెట్టింది.

పెద్దాసుపత్రి కల్చర్‌లో స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ దొరికింది, చర్మం మీద ఉండేదే. ఛాతీ మీద తీసిన ఎకోలో (గుండె స్కానింగ్) ఏమీ లేదన్నారు. లోహం నీడ పడి అందులో చాలాసార్లు కనపడదు. గొంతులోంచి గొట్టం దింపి తీసిన టీఈఈ అనే ఎకోలో వాల్వు ఇన్ఫెక్షన్ బయటపడింది.

ఇక ఆ రాత్రి. ఈసీజీలో పీఆర్ ఇంటర్వల్ (గుండె పై గదుల నుంచి కింది గదులకి విద్యుత్ సంకేతం చేరే సమయం) మామూలు హద్దైన 0.20 సెకన్లు దాటిందని మొదట గమనించింది డ్యూటీ సిస్టర్. బృహద్ధమని కవాటం చుట్టూ చీము పడితే, పక్కనే ఉన్న గుండె విద్యుత్ మార్గం దెబ్బతింటుంది, గుండె కొట్టుకోవడమే ఆగిపోవచ్చు. తాత్కాలిక పేస్‌మేకర్ తీగ వేసి తెల్లారేదాకా కాపాడారు. ఆ తల్లి చల్లగా ఉండాలి. మా అమ్మ వెంకన్నకి మొక్కుకుంది, నేను ఆ సిస్టర్‌కీ మొక్కుతాను.

ఆపరేషన్ చేసి చీము కడిగి, వాల్వు మార్చారు. తర్వాత ఆరు వారాలు వ్యాంకోమైసిన్, రిఫాంపిసిన్, మొదటి రెండు వారాలు జెంటామైసిన్ కూడా. వ్యాంకోమైసిన్ గ్రాముకి కనీసం గంటసేపు ఎక్కించాలి, తొందరపడితే ఒళ్లంతా ఎర్రబడి దురద పెడుతుంది. జెంటామైసిన్‌తో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తూ ఉండాలి, చెవిలో హోరు వస్తే వెంటనే చెప్పాలి. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజరంగులో వస్తుంది, దానికి భయం లేదు. భయపడాల్సింది వార్ఫరిన్ (మెటల్ వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర) విషయంలో. రిఫాంపిసిన్ ఐఎన్ఆర్‌ని (రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే కొలత) పడేస్తుంది కాబట్టి డోసు పెంచుతారు. రిఫాంపిసిన్ ఆపాక ఆ పెంచిన డోసే కొనసాగితే కొద్ది వారాల్లో ఐఎన్ఆర్ పైకెక్కి రక్తస్రావం కావచ్చు. డిశ్చార్జి కాగితంలో ఈ ముక్క రాయనేలేదు!

పన్ను పీకించుకోవాలన్నా, చిగుళ్లు శుభ్రం చేయించుకోవాలన్నా, నోటి బ్యాక్టీరియా రక్తంలోకి చేరి వాల్వుని పట్టకుండా 30–60 నిమిషాల ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు వేసుకోవాలి. పెన్సిలిన్ పడనివాళ్లకి అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. డెంటిస్టు అడగకపోయినా వాల్వు ఉందని మీరే చెప్పండి.