ఏట్లో నిలబడ్డ నుయ్యి

ఫోన్‌లో రోడ్డుంది. కళ్ళెదురుగా లేదు. కొబ్బరితోటల మధ్య నుంచి బుద్ధిగా వచ్చిన సిమెంటు రోడ్డు, బిస్కెట్ విరిచినట్టు విరిగిపోయింది. దాని కింద రెండు నిలువుల లోతున గోదారి పాయ గౌతమి పారుతోంది. ఫోన్‌లో గొంతు మాత్రం "నాలుగు వందల మీటర్లు నేరుగా వెళ్ళండి" అంటూనే ఉంది.

అమలాపురంలో స్నేహితుడి చెల్లెలి పెళ్ళికి వచ్చాను. పెళ్ళి, భోజనాలు, అంతర్వేది దర్శనం అన్నీ బాగానే జరిగాయి, వాటి గురించి రాయడానికేమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం ఖాళీ దొరికితే, అతని స్కూటీ తీసుకుని, గోదారి మధ్య దీవుల్లా ఉండే లంకల్లో ఏదైనా ఒకటి చూసొద్దామని బయల్దేరాను. రేవులో పడవతను మనిషికి ఇరవై, బండికి యాభై అన్నాడు. ఏడెనిమిది నిమిషాల దానికి డెబ్బై రూపాయలా అని గొణిగాను. అరటిగెలల పక్కన కూర్చున్న ఒకావిడ "వంతెన కట్టాక ఊరికే వెళ్దురుగానిలెండి" అంది. పడవంతా నవ్వింది. ఆ నవ్వు చూస్తే వంతెన మాట ఎన్నేళ్ళుగా నలుగుతోందో అర్థమైంది.

"ఆగండాగండి! ముందుకెళ్ళకండి, అంచు కూలిపోద్ది!"

తోటలోంచి ఒక పెద్దాయన గబగబా వచ్చాడు. నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. "ఇక్కడో బోర్డైనా పెట్టొచ్చు కదా పెద్దాయనా" అన్నాను.

"పెట్టామండి. బోర్డు ఏట్లోకెళ్ళిపోయింది."

ఆయన వెనకాలే తోటలోంచి నడిచి, ఒడ్డు కాస్త గట్టిగా ఉన్నచోట నిలబడ్డాను. అప్పుడు కనిపించింది. ఒడ్డుకు పది గజాల అవతల, నీళ్ళలో, సిమెంటు ఒరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఒక స్తంభం, కొద్దిగా వంగి ఉంది. పైన కాకి వాలింది. ఏమిటది అని అడిగాను.

"మా నుయ్యండి."

చుట్టూ ఉన్న మట్టిని గోదారి తీసుకుపోతే ఒరలు మిగిలాయి. నూతిలోకి తొంగిచూడడమే తప్ప, నూతిని బయటినుంచి నిలువెత్తున చూడడం నాకదే మొదటిసారి. అడుగు ఒరలకు పట్టిన పాచి కూడా కనిపిస్తోంది.

తెగిన ఒడ్డు కూడా అంతే, దాచుకున్నదంతా బయటపెట్టుకుని నిలబడింది. పెట్టెలో మడతలు పెట్టిన పంచెల్లా పొరలు. వేలెడు మందాన గోధుమరంగు మెత్తటి మట్టి, దాని కింద ఇసుక, మళ్ళీ మట్టి. కొబ్బరివేళ్ళు వాటిల్లోంచి చీపురులా వేలాడుతున్నాయి. జానెడు మందం ఇసుకపొర ఒకదాన్ని చూపించి "అది ఎనభయ్యారుదండి" అన్నాడు. 1986 ఆగస్టు వరద. అప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. మొన్న 2022 జులైలో పాతిక లక్షలు దాటితేనే లంకలన్నీ మునిగాయి. ఏ పొర ఏ ఏటిదో ఆయనకెలా తెలుసు అని అడగాలనిపించింది కానీ, ఆ ఇసుకను నెత్తిన మోసి పొలం బాగుచేసుకున్న మనిషిని అడిగే ప్రశ్న కాదది.

వరదంటే నాకు నీళ్ళు. వాళ్ళు నీళ్ళ గురించి పెద్దగా మాట్లాడరు. నీళ్ళెళ్ళాక ఏం మిగిలిందన్నదే మాట. ఉరవడిగా వచ్చే నీరు ముందు బరువైన ఇసుకను వదిలేస్తుంది, అది పడితే మేట వేసిందంటారు, ఆ ఏడు పొలం పోయినట్టే. నీరు నెమ్మదించి నిలబడ్డచోట సన్నటి మట్టి దిగుతుంది, అది ఒండ్రు. ఒకే వరద అన్నకు మేట వేసి తమ్ముడికి ఒండ్రు పోస్తుందట. "ఒండ్రు పడ్డ ఏడు అరటికి ఎరువు సగం చాలండి" అన్నాడాయన, తమ్ముడి చేను వైపు చూస్తూ.

మాది కోయిలకుంట్ల వైపు. నల్లరేగడి. వానాకాలం చేలోకి దిగితే చెప్పులు కిలో బరువెక్కుతాయి, ఎండాకాలం నెర్రెల్లో చెయ్యి పడుతుంది. శనగకు ఆ నేల బంగారం, ఇంటికి మాత్రం శత్రువు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, పైనున్న గోడ ఊరుకోదు. మా నాయన ఇల్లు కట్టినప్పుడు రేగడంతా తోడించి పునాదిలో ఇసుక పోయించాడు. అయినా వంటింటి గోడకు ఒక పగులు ఉంది, వేసవిలో తెరుచుకుంటుంది, వానల్లో మూసుకుంటుంది. ఇక్కడి గోడలకు నేను పగుళ్ళు వెతికాను, ఒక్కటీ దొరకలేదు. గోడకు ఢోకా లేదు, కింద నేలే ఉంటుందన్న నమ్మకం లేదు.

పెద్దాయన ఇల్లు రెండుసార్లు వెనక్కి జరిగింది. జరగడమంటే నిజంగానే. ద్వారబంధాలు, కిటికీలు, పెంకులు, వాసాలు విప్పి మోసుకొచ్చి మళ్ళీ నిలబెట్టడం. ఇప్పటి ఇల్లు నడుమెత్తు మెరక మీద ఉంది. ఆ మెరకంతా ఒండ్రే, వరద తెచ్చిపోసిన మట్టిని ఎత్తి వరదకు అడ్డం వేసుకున్నారు. వీధి గోడ మీద నా భుజం ఎత్తున ఒక చారిక ఉంది. సున్నం వేసినా ఆ చారికను వదిలేసి వేశారు. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. "రెండోది ఇచ్చారంటే గొడ్లు ఏటిగట్టు ఎక్కాలండి. మనుషుల సంగతి తర్వాత."

ఆయన నా చేతిలో తడిమట్టి ముద్ద పెట్టాడు. మెత్తగా ఉంది, మా రేగడిలా అంటుకుని సతాయించలేదు. నిజానికి ఇందులో రేగడి కూడా ఉంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు వచ్చే గోదారి, మహారాష్ట్ర నల్లనేలల్ని కడుక్కునే వస్తుంది. దారిలో బస్తర్ అడవుల మట్టి ఇంద్రావతి తెస్తుంది, శబరి తన వంతు తెస్తుంది. ఇదే మట్టి దారిలో ఆనకట్ట వెనక ఆగితే దాని పేరు పూడిక. 112 టీఎంసీలకు కట్టిన శ్రీరాంసాగర్‌లో ఆ పూడిక వల్ల 80 చిల్లరే పడుతుందని తేల్చారు. అక్కడ తిట్లు తినే మట్టి ఇక్కడికొస్తే అరటి పండిస్తుంది. మధ్యలో అన్ని ఆనకట్టలు కట్టాక ఇక్కడికి రావాల్సింది తగ్గింది కూడా.

వచ్చిన కాస్తా చేలో ఉండనివ్వడం లేదు. రేవుకొచ్చే దారిలో ఇటుక బట్టీలు వరసగా చూశాను, ఊక పోసి కాలుస్తున్నారు. ఉత్త రేగడితో ఇటుక కోస్తే ఆరేలోపే చీలుతుంది. ఒండ్రులో బంకమట్టీ సన్న ఇసుకా కలిసే ఉంటాయి కాబట్టి అచ్చులోంచి తీస్తే అంచులు కూడా చెదరవు. లంకమట్టికి అందుకే అంత గిరాకీ. ఏరు కోసింది ఏరు కోస్తే, మిగిలింది ట్రాక్టర్లు కోస్తున్నాయని పెద్దాయన మామూలుగానే అన్నాడు. కోపం లేదు, అలవాటు.

ఆయనకు మూడెకరాలు. రెండు గోదారిలో ఉన్నాయి. పాసుపుస్తకంలో మాత్రం మూడూ ఉన్నాయి, పైగా తడవకుండా ప్లాస్టిక్ కవర్లో. అవతలి ఒడ్డున కొత్తగా తేలిన తిప్ప ఒకటి చూపించి "మా మట్టే అయ్యుంటదండి అది" అన్నాడు. అక్కడ రెల్లు తెల్లగా పూసి ఉంది.

చివరి పడవ ఐదున్నరకి. లేవబోతుంటే అడిగాడు. "మీ ఫోన్లో ఇంకా ఆ రోడ్డు చూపిస్తందా అండి?"

చూపిస్తోందన్నాను, ఇందాకటి విసుగుతోనే. ఉపగ్రహం ఫొటో ఉంటుంది కదా అని దాన్ని తెరిచి, వేళ్ళతో పెద్దది చేశాను. పాత ఫొటో. గోదారి ఎక్కడో దూరంగా ఉంది. రోడ్డు, దాని పక్కన కొబ్బరిచెట్లు, చదరంగా పచ్చటి చేను. ఆయన కళ్ళజోడు తెచ్చుకున్నాడు. ఫోన్ తన చేతిలోకి తీసుకోలేదు, నా చేతిలో ఉండగానే వంగి చూశాడు. కోడలిని పిలిచాడు.

"ఇదిగో, ఇది నుయ్యి" అని ఒక నల్లచుక్క మీద వేలు పెట్టాడు. వేలు తగిలి ఫొటో పక్కకు జారిపోయింది. మళ్ళీ వెనక్కి తెచ్చి పెట్టాను.

"ఇటుపక్కది మా తమ్ముడోళ్ళ పనసచెట్టండి" అన్నాడు.