‘అలర్జీలు: లేవు’ అని రాసింది నేనే

కిందటేడు అక్టోబరులో ఒక ఆదివారం, పద్దెనిమిది మంది పిల్లలు చూస్తుండగా మా తోటలో పడిపోయాను. ఆ రోజు పిల్లల భద్రత బాధ్యత ఎవరిదయ్యా అంటే, నాదే.

మాది ముక్తేశ్వరం దగ్గర కొబ్బరితోట. మధ్యలో అరటి, కోకో, ఓ పక్కన కంద. రెండేళ్లుగా ఆదివారాలు అమలాపురం నుంచి బడి పిల్లలు వస్తున్నారు. మడిలో నాట్లు వేయడం, ఆవుకి గడ్డి పెట్టడం, కొబ్బరాకుతో బుట్టలు అల్లడం, మధ్యాహ్నం అరిటాకులో పులిహోర, సాయంత్రం బస్సు. వచ్చే ముందు తల్లిదండ్రులు ఒక ఫారం నింపి పంపాలి, అందులో ‘అలర్జీలు’ అని ఒక గీత. ఆ ఫారం తయారుచేసింది నేనే, ఎలా ఉందో చూద్దామని మొదటిది నా పేరుతో నింపింది కూడా నేనే. అలర్జీలు: లేవు.

అంతకు ముందే ఒకసారి కందిరీగ కుట్టి చెయ్యి మోచేతి దాకా పొంగిపోయి, మూడు రోజులు గాజులు తీసి పక్కన పెట్టుకున్న మనిషిని. సున్నం రాశాను, సిట్రజిన్ వేసుకున్నాను, తగ్గింది. దాన్ని అలర్జీ అంటారని బుర్రకి తట్టనే లేదు.

ఆ ఆదివారం బుట్టలకి ఆకు కావాలని రాలిపడిన మట్ట ఒకటి పట్టుకుని లాగాను. దాని అడుగున కందిరీగల పట్టు ఉంది. మెడ మీద రెండు, చెవి తమ్మె మీద ఒకటి కుట్టాయి. పిల్లలు కంగారుపడతారని అరవకుండా, నవ్వు మొహం పెట్టి వాళ్లని మకాం వైపు తోలాను. ఐదు నిమిషాలు కూడా అయ్యుండదు, అరచేతులు దురద, ఆ వెంటనే అరికాళ్లు, చెప్పులు విప్పి మకాం అరుగు అంచుకి కాళ్లు రుద్దుకుంటున్నాను. పెదవులు మొద్దుబారాయి. కడుపులో మెలిపెట్టి వాంతయింది. గొంతులో ముద్ద అడ్డం పడినట్టుంది, మాట బొంగురుగా వస్తోంది. వీటన్నిటి మీద, చచ్చిపోతున్నానని ఒక భయం, కడుపునొప్పి లాగే అదీ ఒంట్లోంచే తన్నుకొచ్చింది. అదీ ఈ జబ్బు లక్షణాల్లో ఒకటేనట, తర్వాత తెలిసింది.

మొహం కడుక్కుందామని లేచి నిలబడ్డాను. అంతవరకే గుర్తు.

మిగతాదంతా మా ఆయన చెప్పిందే. నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. ఒకావిడ ఉల్లిపాయ రుద్దింది, ఇంకొకాయన కుట్టినచోట రుద్దడానికి ఇనప ముక్క వెతికాడు. తర్వాత మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య నిలువునా కూర్చోబెట్టి, దగ్గర్లో ఉన్న వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన ఏవిల్ ఇంజక్షనూ స్టెరాయిడూ చేసి, కాసేపు చూద్దాం అన్నాడట. దద్దుర్లు కాస్త అణిగాయి గానీ బీపీ అందలేదు. అప్పుడు కారు దొరకబుచ్చుకుని అమలాపురం. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ, మా మేనకోడలి వయసుంటుందేమో, ఒక్క చూపు చూసి తొడ బయటివైపు ఎడ్రినలిన్ ఇంజక్షను పొడిచేసింది. ఐదు నిమిషాలు చూసి ఇంకోటి. గుండె దడదడ, చేతులు గజగజ, కానీ గాలి లోపలికి వెళ్తోంది.

రాత్రి తొమ్మిదింటికి మళ్లీ దద్దుర్లు లేచాయి. కొందరికి కొన్ని గంటల తర్వాత రెండో విడత వస్తుందట, అందుకే బాగుందనిపించినా వెంటనే ఇంటికి పంపరు.

దీని పేరు అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికొచ్చే అలర్జీ అని మర్నాడు ఆ డాక్టరమ్మే చెప్పింది. ఏవిల్, సిట్రజిన్ లాంటివి దురదకి పనిచేస్తాయి, పడిపోతున్న బీపీనీ మూసుకుపోతున్న గొంతునీ ఆపలేవు, ముందు ఎడ్రినలిన్, మిగతావన్నీ దాని తర్వాతే. ఇంకో మాట కూడా అంది, దానికి మా ఆయన తల దించుకున్నారు: అలాంటి మనిషిని లేపి నడిపించకూడదండీ, పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, ఊపిరి ఆడకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టొచ్చు, అంతేగానీ నిలబెట్టకూడదు. పాపం ఆయనొక్కరి తప్పా, ఉల్లిపాయ దగ్గర్నుంచి బండి దాకా అందరిదీ ప్రేమే.

ఒళ్లు వారంలో కుదుటపడింది. మనసుకి మాత్రం రెండు నెలలు పట్టింది. పెరట్లో మందార మీద తుమ్మెద వాలినా లోపలికి వచ్చి తలుపేసుకునేదాన్ని. మా అత్తగారు దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పిపోశారు, పోనీ ఆవిడ తృప్తి అని కూర్చున్నాను. కాకినాడలో అలర్జీ స్పెషలిస్టుకి చూపించుకున్నాం. విదేశాల్లో వాడే ఇంజక్షన్ పెన్నులు ఇక్కడ అంత సులువుగా దొరకవు కాబట్టి ఆయన ఎడ్రినలిన్ ఆంప్యూళ్లు, అంటే మందుండే చిన్న గాజు గొట్టాలు, సిరంజీలు రాసిచ్చి వాడడం నేర్పించారు. ఆంప్యూలుకి 1 మిల్లీగ్రాము, నాకు అందులో సగం. ఇంట్లో మా ఆయన సిరంజిలో నీళ్లు ఎక్కించి బత్తాయి పండు మీద సాధన చేస్తుంటే చెయ్యి వణికి ఆంప్యూలు మూత విరగ్గొట్టడంలో వేలు తెగింది. ఆ మందూ సిరంజీలూ ఒక పర్సులో పెట్టుకున్నాను, ఆ పర్సు ఎండలో పెట్టకూడదు, కారులో వదిలేయకూడదు. ఇప్పుడు నా ఫోనైనా మర్చిపోతాను గానీ అది మర్చిపోను.

సంక్రాంతి తర్వాత తోట మళ్లీ తెరుద్దామనుకున్నప్పుడు పాత ఫారాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. పద్దెనిమిదిలో పదిహేడింట ‘లేవు’, ఒకదాంట్లో ‘దుమ్ము’. నేనే అబద్ధం రాశాను కదా, వీళ్లేం రాసుంటారు? ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేశాను, ఈసారి అలర్జీ అనే మాట వాడలేదు. “మీ అబ్బాయికి ఏమైనా పడదాండీ?” అని అడిగాను.

అబ్బో, ఎన్ని వచ్చాయో. వంకాయ పడదు, చన్నీళ్లు పడవు, పెరుగు తింటే రొంప. ఇందులో అన్నీ అలర్జీలు కావు. కంద కోస్తే అందరికీ చేతులు దురదేగా, అందులో సూదుల్లాంటి స్ఫటికాలు గుచ్చుకోవడం వల్ల. అందుకని రెండో ప్రశ్న: తిన్న ఎంతసేపటికి, ఏమైంది? నిమిషాల్లో మూతి వాచిందన్నా, దద్దుర్లన్నా, వాంతన్నా, ఊపిరాడలేదన్నా ముందు డాక్టరుకి చూపించి రమ్మంటున్నాం. ఆయన ఎడ్రినలిన్ రాసిస్తే, అది వాడడం వచ్చిన పెద్దవాళ్లొకరు ఆ పిల్లాడితో సాయంత్రం దాకా తోటలో ఉండాలి. ‘దుమ్ము’ అని రాసిన పిల్లకి తీరా చూస్తే ఉబ్బసం, ఇన్‌హేలరు ఇంట్లో బీరువాలో ఉందట! మేమేమో నూర్పుళ్ల రోజున ఆ పిల్లని గడ్డివాము ఎక్కించాం. ఇప్పుడు 108కి చెప్పాల్సిన దారి గుర్తులు మకాం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం. ఏ ఆసుపత్రిలో ఎడ్రినలిన్ ఉందో వారం వారం ఫోన్ చేసి కనుక్కుంటున్నాం. పిల్లలొచ్చే ముందు మట్టలూ పాక చూరూ వెదురు కర్రతో ఒకరు చూసి వస్తారు, ఆ ఒకరు నేను కాదు.

ఆ ఫోన్లలో ఒక తల్లి, “అలర్జీలేం లేవండి, వేరుశెనగ గుళ్లు ఒక్కటే పడవు, మూతి వాచి గొంతు పట్టేస్తుంది, వాడే జాగ్రత్తగా ఏరేసుకుంటాడండి” అంది. నా గుండె ఆగినంత పనయింది. ఆ పిల్లాడు నాకు బాగా గుర్తు. మూడు ఆదివారాలు వచ్చాడు. పులిహోరలో గుళ్లు ఒక్కోటీ తీసి అరిటాకు అంచున వరసగా పేర్చేవాడు. గుళ్లు తీసేసినా వాటి పొడి అన్నానికి అంటుకునే ఉంటుంది, వాడి అదృష్టం. ఒకసారి నేనే పక్కన కూర్చుని, “అలా పారేయకూడదు నాన్నా, బలం, తిను” అని ఒకటి చేతిలోకి తీసుకుని నోటి దాకా తీసుకెళ్లాను. వాడు మూతి బిగించి తల తిప్పేసుకున్నాడు. పెంకి ఘటం అనుకున్నాను.

ఇప్పుడు మా వంటలో గుళ్లు లేవు. తోట కదా అని వేరుశెనగ గానుగ నూనె తెద్దామనుకున్నాం, అదీ మానేశాం. రిఫైన్డు నూనెలో దాదాపు పోయే ప్రొటీను గానుగ నూనెలో మిగిలిపోతుందట. బస్సులో పల్లీ చెక్కీ పంచుకోవడం కూడా బంద్.

డాక్టరుకి చూపించుకుని వాడు ఫిబ్రవరిలో మళ్లీ వచ్చాడు, వాళ్ల నాన్న తోడుగా. ఆకులో పులిహోర వడ్డించి, “గుళ్లు వెయ్యలేదురా” అని చెప్పాను. సరేనన్నట్టు తలూపి, ముద్ద కలపబోయేముందు చూపుడు వేలితో అన్నం అంతా పలచగా పరిచి, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వెతుక్కున్నాడు.