గ్యాస్ కాదు, ట్యూబ్ పగిలింది

పొత్తికడుపులో కుడివైపు నొప్పి అని చెబితే ఆ డ్యూటీ డాక్టర్ నన్ను అడిగినవి రెండే: రాత్రి ఏం తిన్నారు, మోషన్ సాఫీగా అవుతోందా. పీరియడ్స్ ఎప్పుడొచ్చాయని అడగలేదు. పెళ్ళయిన ఆడమనిషి పొత్తికడుపు పట్టుకుని వస్తే మొదట అడగాల్సింది అదే. ఆ నెల నాకు డేట్ దాటింది, తర్వాత ఎప్పుడూ లేనట్టు నల్లగా కొద్దికొద్దిగా మరకలు కనిపిస్తున్నాయి. ఆ సంగతి నేనే చెప్పబోతే "ఆడవాళ్ళకు ఇవన్నీ మామూలే అమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని గ్యాస్‌కు ఒకటి, నొప్పికి ఒకటి ఇంజెక్షన్ రాసి, నా మాట పూర్తి కాకుండానే పక్క పేషెంటును పిలిచాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

ఇంజెక్షన్‌కు సాయంత్రం దాకా నొప్పి తగ్గింది, అదే కొంప ముంచింది. రాత్రి పడుకుంటే కడుపు కంటే కుడి భుజం మీద ఒకటే గుంజుడు, లేచి కూర్చుంటే కాస్త నయం, మళ్ళీ వాలితే ప్రాణం పోతున్నట్టు. తలగడ సరిగ్గా లేక మెడ పట్టేసిందేమోనని అత్తమ్మ జండూబామ్ రాసింది. పాపం ఆమెకు మాత్రం ఏం తెలుసు, కడుపులో జబ్బుకు భుజం నొస్తుందని ఎవరనుకుంటారు! బాత్రూమ్‌కని లేస్తే కళ్ళు బైర్లు కమ్మి గడప దగ్గరే పడిపోయాను. ఒళ్ళంతా చల్లటి చెమట. మా ఆయన ఫోన్ లైట్ వేసి చూస్తే పెదాలు, గోళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయట.

మా వాడకట్టులోనే ఉండే ఆశా వర్కర్ అక్కను అత్తమ్మ పిలుచుకొచ్చింది. ఆమె వచ్చీ రాగానే "డేట్ ఎప్పుడొచ్చిందే నీకు?" అంది. దాటిందని చెప్పగానే నా కింది కనురెప్ప లాగి చూసి, మా ఆయనతో "తమ్మీ, ఇది గ్యాస్ కాదు, 108కి ఫోన్ కొట్టు, ఇక్కడ ఎక్కడా ఆగొద్దు, కరీంనగర్ పెద్ద దవాఖానకే పోదాం" అంది. జగిత్యాల దాటాక బండిలో నాకు నిద్ర ముంచుకొస్తుంటే, నా కాళ్ళు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుని "కళ్ళు మూయకు, నీ బిడ్డ పేరు చెప్పు, బడి పేరు చెప్పు, టీచర్ పేరు చెప్పు" అని దారి పొడుగునా అడుగుతూనే ఉంది. నేను తప్పు చెబితే కసురుకునేది. ఆమె కసురే నన్ను బతికించిందని నా నమ్మకం.

మిగతాదంతా గబగబా జరిగిపోయింది. మూత్ర పరీక్షలో గర్భం అని వచ్చింది, స్కాన్‌లో గర్భసంచి ఖాళీగా ఉంది, కడుపు నిండా రక్తం. హిమోగ్లోబిన్ 5కి పడిపోయింది. రక్తం ఎక్కిస్తూనే ఆపరేషన్ చేసి కుడి ట్యూబ్, అంటే అండం గర్భసంచిలోకి వచ్చే గొట్టం, తీసేశారు. గర్భసంచిలో నాటుకోవాల్సిన పిండం ట్యూబ్‌లోనే నాటుకుంటే, అది పెరిగేకొద్దీ ట్యూబ్ సాగలేక పగులుతుందని అక్కడి మేడమ్ చెప్పింది. కారిన రక్తం ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే పొర దాకా చేరి అక్కడి నరాన్ని రేపితే నొప్పి భుజంలో తెలుస్తుందట. అంత హడావిడిలో కూడా నా మంచం పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పిన ఆ తల్లికి నూరేళ్ళు ఆయుష్షు ఉండాలి.

చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ "నిలవని గర్భమే కదా, పోతే పోయింది" అంది. నాకు కడుపు మండిపోయింది. నిలవకపోయినా నాది కాకుండా పోతుందా?

నడవగలిగాక డిశ్చార్జ్ కాగితాలు పట్టుకుని ఆ డ్యూటీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. చదివి "అప్పుడు అంత లక్షణాలు లేవమ్మా" అన్నాడు. లక్షణం చెప్పబోతే ఆపింది మీరే అని ముఖం మీదే అనేశాను. సారీ చెప్పలేదు.

అక్కలూ చెల్లెళ్ళూ, డేట్ దాటి, లేదా తేడాగా బ్లీడింగ్ అవుతూ, ఒకవైపు పొత్తికడుపు నొస్తే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించండి. కిట్ ఆశా వర్కర్ల దగ్గర కూడా ఉంటుంది. కళ్ళు తిరిగినా, భుజం నొచ్చినా ఇక ఇంట్లో ఉండొద్దు, స్కాన్, ఆపరేషన్, రక్తం అన్నీ ఉన్నచోటికే పొండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది కదా అని ధీమాగా ఉండొద్దు, అరుదుగానైనా అది ఫెయిలై గర్భం వస్తే ట్యూబ్‌లోనే వచ్చే ప్రమాదం ఎక్కువ. స్కాన్ లేకుండా మెడికల్ షాపులో అబార్షన్ మాత్రలు కొని వేసుకుంటే ట్యూబ్‌లో ఉన్నది పోదు, బ్లీడింగ్ అయింది కాబట్టి అంతా అయిపోయిందనుకుంటారు, లోపల మాత్రం అది పెరుగుతూనే ఉంటుంది. ముందే దొరికితే కొందరికి ఇంజెక్షన్‌తోనే తగ్గుతుందట, కోత కూడా అక్కర్లేదు. నాకు ఆ అవకాశం లేకుండా చేసిన మనిషి మీద కోపం ఎట్లా పోతుంది?

ఎడమ ట్యూబ్ బాగానే ఉంది, మళ్ళీ గర్భం రావచ్చు అన్నారు. ఈసారి నెల తప్పితే ఆరో వారానికల్లా స్కాన్‌కు రావాలని మేడమ్ చీటీ మీద రాసిచ్చింది. అత్తమ్మ ఆ రాత్రే వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకుందట. కుట్లు పూర్తిగా మానాక ఆశా అక్కను కూడా వెంటబెట్టుకుని వెళ్ళి తీర్చుకుంటాం.