ఇంగ్లండ్‌లో ఇల్లు, లాయరు, మా నాన్న దస్తావేజు: నా అనుభవం

నిన్న సాయంత్రం ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి మా ఇద్దరి పేర్లతో కాగితం వచ్చింది. పడిన బాధ మరిచిపోకముందే రాసేస్తున్నాను. నెల పోతే నేను కూడా "ఏముంది, అంతా లాయరు చూసుకుంటాడు" అనేస్తాను.

రెడింగ్‌లో మూడు బెడ్‌రూంల ఇల్లు, 3,85,000 పౌండ్లు. వెతకడానికి రెండు నెలలు పట్టింది. మార్ట్‌గేజ్ వారంలో వచ్చింది. సర్వేలో కాస్త చెమ్మ తప్ప ఏమీ తేలలేదు.

లాయరు దగ్గరే తప్పు చేశాను. ఇక్కడ ఎస్టేట్ ఏజెంటు అమ్మేవాళ్ళ మనిషి, ఫీజు వాళ్ళే ఇస్తారు. అతను "మా లాయరైతే పని త్వరగా అవుతుంది, అమ్మేవాళ్ళకూ నమ్మకం" అంటే సరేనన్నాను. మమ్మల్ని పంపినందుకు అతనికి ఆ ఆఫీసు 300 పౌండ్లు ఇస్తుందని తర్వాత వాళ్ళ కాగితాల్లోనే చదివాను. ఆఫీసు ఎక్కడో ఉత్తరాన. మనిషి ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. నాలుగు నెలల్లో ముగ్గురు మారారు, కొత్తవాళ్ళు వచ్చిన ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

మన దగ్గర ఈసీ తీయించి, డాక్యుమెంట్ రైటర్‌తో రాయించి, ఇద్దరు సాక్షులతో రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేస్తే పని అయిపోతుంది. ఇక్కడ కొనేవాడు ఏ ఆఫీసు మెట్లూ ఎక్కడు. కౌన్సిల్లో, డ్రైనేజీ వాళ్ళ దగ్గర సెర్చ్‌లు, కాంట్రాక్టు, బ్యాంకు పని, 14 రోజుల్లో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ లాయరే చేస్తాడు. అదంతా సుఖమే. కానీ ఎక్స్‌ఛేంజ్ అంటే కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. ఇంకొకడు ఐదు వేలు ఎక్కువ ఇస్తానంటే అమ్మేవాళ్ళు నిక్షేపంగా అటు వెళ్ళిపోవచ్చు. అందుకే లాయరు దగ్గర ఫైలు ఆగిన ప్రతి రోజూ టెన్షనే.

మా ఫైలు ఐదు వారాలు ఆగింది, మా నాన్న ఇచ్చిన డబ్బు దగ్గర.

మొత్తం డిపాజిట్‌లో 20,000 పౌండ్లు నాన్న ఇచ్చారు, దాదాపు 23 లక్షలు. తెనాలి దగ్గర అర ఎకరం అమ్మి పంపారు. కొన్నాయన సగం క్యాష్‌గా తీసుకోమని ఎంత బతిమాలినా వినలేదు, ప్రతి రూపాయీ ఖాతాలోనే వేయించుకున్నారు. బ్యాంకుకెళ్ళి, విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పద్ధతి కింద ఫారం నింపి, 10 లక్షలు దాటినదానికి 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) కట్టి మరీ పంపారు. అది రిటర్నులో వెనక్కి వస్తుంది కానీ అప్పటికి రెండు లక్షల అరవై వేలు చేతి నుంచి పోయినట్టే. మా ఊళ్ళో ఇంత శుభ్రంగా పొలం అమ్మినవాళ్ళు ఎంతమంది ఉంటారు? నాకు గర్వంగా ఉంది.

లాయరు ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది: "మీ తండ్రికి ఈ డబ్బు ఎలా వచ్చింది? ఆయన గత ఆరు నెలల జీతం స్లిప్పులు పంపండి." రైతు అని రాశాను. "అయితే ఆయన యజమాని నుంచి ఉత్తరం పంపండి" అన్నారు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషికి యజమాని ఎవరని రాయాలి?

మనీలాండరింగ్ చట్టం ప్రకారం డబ్బు ఎక్కడిదో వాళ్ళు అడగాల్సిందే, కాదనను. కానీ అడగడానికో పద్ధతి ఉంటుంది. దస్తావేజు పంపితే తెలుగులో ఉందన్నారు. నేను అనువదిస్తానంటే ఒప్పుకోలేదు. సర్టిఫైడ్ అనువాదకుడికి 180 పౌండ్లు ఇచ్చాను. ఆ ఇంగ్లీషు కాపీ చదువుతుంటే "తూర్పు హద్దు: పంట కాలువ" అని కనబడింది. అమ్మింది కాలువ పక్క ముక్కని అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు ఈత నేర్చుకున్నది అక్కడే. నాన్న నాకు చెప్పలేదు.

తర్వాత పేర్ల గొడవ. నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా, పూర్తిగా ఉంది. దస్తావేజులో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. బ్యాంకులో ఇంటిపేరు ఒక్క అక్షరం, "వెంకట" ఇంకో అక్షరం. వీళ్ళు ముగ్గురు మనుషులా అని అడిగారు. నాన్న ఎండలో తెనాలి వెళ్ళి, అన్ని పేర్లూ నావేనని నోటరీతో అఫిడవిట్ చేయించుకొచ్చారు.

దాని మీద ఫోన్‌లో ముఖం చూపించాలన్నారు. యాప్ కళ్ళజోడు తీయమంటుంది, తీస్తే ఆయనకు తెర మీద అక్షరాలు కనబడవు. పక్కన అమ్మ చదివి చెబుతుంటే తల కుడికీ ఎడమకీ తిప్పారు. నాలుగోసారికి తీసుకుంది. ఆఖర్న గిఫ్ట్ లెటర్: ఈ డబ్బు తిరిగి అడగను, ఆ ఇంట్లో నాకు ఏ హక్కూ లేదు అని సంతకం. అది బ్యాంకు కోసం అందరితోనూ పెట్టించుకునేదే. నాన్న చదివి, "నా కొడుకు ఇంట్లో నాకు హక్కు లేదని నా చేతే రాయిస్తున్నార్రా?" అన్నారు. సంతకం పెట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇన్ని పంపాక రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఏజెంటు మాత్రం శుక్రవారంలోగా ఎక్స్‌ఛేంజ్ కాకపోతే ఇల్లు మళ్ళీ మార్కెట్లో పెడతామన్నాడు. అప్పుడు ఆ ఆఫీసు కంప్లైంట్ పద్ధతి వెతికి, తేదీల వారీగా రెండు పేజీలు రాశాను. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తానని కూడా రాశాను. మర్నాడే ఆ ఆఫీసులో పై సొలిసిటర్ (ఇక్కడ లాయరును అలాగే అంటారు) ఒకావిడ ఫోన్ చేశారు. పది నిమిషాల్లో కాగితాలన్నీ చూసి "సరిపోతాయి" అన్నారు. ఆ పది నిమిషాలు ఐదు వారాల ముందు ఎవరికీ దొరకలేదు!

కొనబోయేవాళ్ళు లాయరును మీరే వెతుక్కోండి, నడిచి వెళ్ళగలిగే ఆఫీసైతే మరీ మంచిది. సొలిసిటర్ పేరు వాళ్ళను నియంత్రించే ఎస్‌ఆర్‌ఏ సంస్థ రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి. ఇండియా నుంచి డబ్బు వస్తుందని మొదటి రోజే చెప్పి, ఏయే కాగితాలు కావాలో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకో మాట, హైదరాబాద్‌లో మీ పేరు మీద ఫ్లాటుంటే ముందే చెప్పండి. మా ఇద్దరికీ ఎప్పుడూ ఎక్కడా ఇల్లు లేదు కాబట్టి ఫస్ట్ టైం బయ్యర్‌గా స్టాంప్ డ్యూటీ 4,250తో పోయింది. ప్రపంచంలో ఎక్కడ ఇల్లున్నా ఆ రాయితీ రాదు, ఆ ఇంటి విలువ 40,000 పౌండ్లకు తగ్గకపోతే మామూలుగా 5 శాతం అదనం కూడా పడుతుంది.

నిన్న టైటిల్ కాగితం నాన్నకు వాట్సాప్‌లో పంపాను. చాలాసేపు చూసి ఫోన్ చేశారు. "హద్దులేవిరా?" అన్నారు. ఇక్కడ నాలుగు వైపులా రాయరు నాన్నా, ప్లాన్‌లో ఎర్ర గీతే అన్నాను. "గీత సరే, ఎడమ పక్క కంచె ఎవరిది?" అన్నారు. అమ్మినవాళ్ళు ఇంటి వివరాలు రాసి ఇచ్చిన టీఏ6 ఫారం వెతికి తీశాను. ఎడమ కంచె బాగోగులు ఈ ఇంటివాళ్ళవేనని అందులో ఉంది. చదివి వినిపించాక, అది ప్రింట్ తీసి దస్తావేజుతో కలిపి పెట్టమని చెప్పి ఫోన్ పెట్టేశారు.