ఆర్‌వో ప్లాంటు కొటేషన్ కోసం వెళ్లి ఆటో మాట్లాడుకొచ్చాను

పోయిన సంక్రాంతికి మా పదో తరగతి బ్యాచ్ అంతా ఊళ్లో కలిశాం. తలా కొంత వేసుకుంటే 4,20,000 రూపాయలు పోగయ్యాయి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేట వైపు. మా ఊళ్లో కిడ్నీ జబ్బు మనిషి లేని వీధి లేదు, అది తాగే నీళ్ల వల్లేనని మా అందరి నమ్మకం. అందుకే డబ్బు దేనికి వాడాలన్న చర్చే రాలేదు. ఆర్‌వో ప్లాంటు, అంతే. కువైట్‌లో ఉండే మా వాడొకడు దాతల పేర్లతో బోర్డు డిజైన్ కూడా పంపేశాడు.

కొటేషన్ తెచ్చే పని నాకు పడింది. తీరా వెళ్తే రామాలయం వెనక ఇప్పటికే ఒక ప్లాంటు ఉంది. ఎవరో దాత కట్టించిందే. షెడ్డుకి తాళం, ముందు జీడిపిక్కల బస్తాలు. నీళ్లు వడకట్టే పొర, అదే మెంబ్రేన్, పాడైతే మార్చే ఖర్చు ఎవరిదన్న దగ్గర ఆగిపోయిందట. పైగా హిరమండలం రిజర్వాయరు నుంచి వేసిన 700 కోట్ల మంచినీటి పథకం 2023 డిసెంబరులో మొదలయ్యాక కుళాయిల్లో ఆ నీళ్లొస్తున్నాయి. అసలు ఈ జబ్బుకి నీళ్లే కారణమని కూడా ఇంతవరకూ ఎవరూ గట్టిగా తేల్చలేదు.

సరే, ఊరినే అడుగుదామని సాయంత్రం రామాలయం అరుగు మీద పెద్దల్ని కూర్చోబెట్టాను. "ఊరికి ఏం కావాలి?" అన్నాను. కల్యాణ మండపం అన్నారు, సీసీ కెమెరాలు అన్నారు, గుడికి ప్రహరీ అన్నారు. వచ్చినవాళ్లంతా యాభై దాటిన మగాళ్లే. డయాలసిస్ మనిషి ఒక్కరూ లేరు. లేచి వెళ్తూ ఒక తాత నా భుజం మీద చెయ్యేసి, "ఏటి కావాలంటే ఏటి చెప్తాం బాబూ, నువ్వేటి తెచ్చావో ముందు చెప్పు" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా క్లాస్‌మేట్ ఒకామె ఊళ్లోనే ఆశా కార్యకర్త. ఆమెకి చెబితే నవ్వింది. ఏం కావాలని అడగొద్దు, నిన్నంతా ఏం చేశారో అడుగు అంది. మర్నాడు వాళ్ల వాకిట్లో పదిమంది ఆడవాళ్లని పోగేసింది. ముగ్గుపిండితో నేల మీద వీధులు గీశారు. జబ్బు మనిషి ఉన్న ఇంటి దగ్గర జీడిపిక్క, డయాలసిస్‌కి వెళ్లే మనిషి ఉంటే చింతపిక్క పెట్టమన్నాం. కాసేపటికి 19 జీడిపిక్కలు, 7 చింతపిక్కలు తేలాయి. ఒకావిడ తన ఇంటి దగ్గర జీడిపిక్క పెట్టింది. ఇంతలో పక్కింటావిడ వచ్చి కూర్చోగానే, కొంగు సర్దుకుంటున్నట్టు వంగి దాన్ని తీసేసి గుప్పిట్లో పెట్టుకుంది. ఆ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంది. ఫలానా ఇంట్లో కిడ్నీ జబ్బట అన్న మాట బయటికొస్తే మా వైపు సంబంధాలు రావు. అప్పటిదాకా నా మనసులో ఒక ఉచిత పరీక్షల క్యాంపు ఆలోచన కూడా ఉండేది. అది అక్కడే మానుకున్నాను. బడి ఆవరణలో టెంటు వేసి మైకులో పిలిస్తే ఎవరొస్తారు?

చింతపిక్కల్లో ఒకరు మా మావయ్య వరస. ఆయనతో ఒక రోజంతా ఉన్నాను. తెల్లవారుజామున నాలుగింటికి ఆటో. ఆరింటి షిఫ్టు, నాలుగు గంటలు మిషన్ మీద. తోడు అత్తయ్య. ఆ రోజుకి ఆవిడ జీడిపప్పు ఒలిచే కూలి పోయినట్టే. ఇంటికొచ్చాక మావయ్య చిన్న స్టీలు గ్లాసుతో కొలుచుకుని నీళ్లు తాగాడు. పెరట్లో చెట్టు నిండా బొండాలున్నాయి. పొటాషియం అని ఆయన వాటి జోలికి వెళ్లకూడదు.

డయాలసిస్ ఉచితమే. నెలకు 10,000 పింఛనూ వస్తుంది. కానీ రానూపోనూ ఆటోకి 500. నెలకు 13 సార్లంటే 6,500. మిగిలినదాంట్లో మందులు, ఇల్లు. "నెలాఖరుకి ఒకటి మానేస్తాను" అన్నాడు మావయ్య, టీ మానేస్తానన్నంత మామూలుగా. ఒకటి మానేస్తే ఒళ్లు నీరు పట్టి ఆయాసం మొదలవుతుంది. మిగతా ఆరుగురినీ అడిగితే ఇంకో ముగ్గురు అదే చేస్తున్నారు. అరుగు మీద ఈ ముక్క ఒక్కరూ అనలేదు. అక్కడ నేను అడిగిన తీరుకి అది సమాధానమే కాదు మరి.

గ్రూపులో చెబితే పెద్ద గొడవ. "ఆటో కిరాయికి పోస్తే ఏం మిగుల్తుందిరా? బోర్డెక్కడ పెడతాం?" అన్నాడు కువైట్ వాడు. వాడి బాధ కొంత నిజమే, ఈ డబ్బు అయిపోయేదే. డయాలసిస్ కేంద్రంలో మా ఊరివాళ్లని ఒకే షిఫ్టుకి మార్చమంటే మొదట కుదరదన్నారు. మూడోసారి వెళ్లాక ఐదుగురిని మార్చారు. సోమ, బుధ, శుక్ర ముగ్గురు. మంగళ, గురు, శని ఇద్దరు. ఊరి ఆటో అబ్బాయి నెలకు 16,000కి ఒప్పుకున్నాడు. మిగిలిన ఇద్దరికీ కిరాయి డబ్బులు చేతికే ఇస్తాం. మొత్తం 29,000. విడివిడిగా అయితే ఏడుగురికీ 45,500 అయ్యేది. మా డబ్బు 14 నెలలు వస్తుంది. ఆ తర్వాత ఎలా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, గ్రూపులో ఇంకా కొట్టుకుంటున్నాం.

ఐదో నెలలో ఆటో అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, మంగళవారం ఆటోలో ఇంకొకావిడ ఎక్కుతున్నారు, పర్లేదా?" అని. ఎవరని అడిగాను. చెప్పాడు. ముగ్గుపిండి మీంచి జీడిపిక్క తీసేసుకున్నావిడ. ఇంటి ముందు ఆపొద్దందట, హారన్ కొట్టొద్దందట. వీధి చివర చింతచెట్టు కింద చీకట్లో నిలబడి ఉంటోందట. ఎక్కించుకో అన్నాను.